పన్నెండేళ్ల లెక్క

హక్కు, వారసుడు, హద్దు, కౌలు, కబ్జా, రసీదు, దస్తావేజు, జప్తు, వకీలు, ఫిర్యాదు. తెలుగు రైతు తన భూమి గురించి నోరు తెరిస్తే వచ్చే మాటలివి. అన్నీ అరబ్బీ నుంచో ఫార్సీ నుంచో వచ్చినవే. ఆ మాటకొస్తే ‘రైతు’ కూడా అక్కణ్ణుంచి వచ్చినవాడే. మమ్మల్ని ‘బయట్నుంచి వచ్చినోళ్లు’ అనే పెద్దమనిషి కూడా తన గట్టు తగాదా చెప్పుకోవాలంటే మా మాటలు లేకుండా ఒక్క వాక్యం పూర్తి చెయ్యలేడు.

మాటలు మిగిలాయి, భూములు మిగల్లేదు. ఈ వాక్యం రాయడం మాకు అలవాటే. మా సభల్లో దీనికి చప్పట్లు కూడా పడతాయి. ఈసారి మాత్రం ఆ వాక్యం దగ్గర కాసేపు ఆగి, మిగిలిన కాస్త భూమి సంగతి కూడా అడగాలనుకుంటున్నాం.

ముందు కబ్జా అనే మాట చూడండి. ఉర్దూలో ఖబ్జా అంటే స్వాధీనం, అంతే. అందులో మంచీ లేదు, చెడూ లేదు. దొంగ స్వాధీనమని చెప్పాలంటే ముందు ‘నాజాయెజ్’ అని చేర్చాలి. తెలుగు పత్రికల్లోకి వచ్చేసరికి ఆ ముందుమాట రాలిపోయి కబ్జా అంటేనే ఆక్రమణ అయిపోయింది. పత్రికల్లో పనిచేసేవాళ్లం కాబట్టి ఆ పాపంలో మాకూ వాటా ఉంది. శీర్షికలో చోటు చాలక ఎన్నిసార్లు ‘కబ్జా’ అని పెట్టామో లెక్కలేదు. పాత కాగితాల్లో ‘పట్టా ఫలానావారిది, కబ్జా ఫలానావారిది’ అని ఉంటే అక్కడ దొంగ ఎవరో తేలిపోయినట్టు కాదు. నేల ఒకటి, మనుషులు ఇద్దరు, హక్కులు రెండు రకాలు. తగాదా అక్కడ మొదలవుతుంది.

నల్లగొండ జిల్లాలో మా దాదాకి ఇరవై ఎకరాలుండేవి. జాగీరు కాదు, మక్తా కాదు, మామూలు పట్టా. పన్నెండెకరాలు సొంతంగా చేయించుకునేవారు. ఎనిమిదెకరాల చెల్క ఒక మాదిగ కుటుంబానికి కౌలుకిచ్చారు. 1948 సెప్టెంబరులో పోలీస్ చర్య జరిగింది. ఊళ్లో భయం పట్టుకుని దాదా ఒక రాత్రి పెళ్లాం పిల్లలతో హైదరాబాదు వెళ్లిపోయారు. వెళ్తూ వెళ్తూ ఆ కౌలుదారుతో ‘చూస్కో’ అన్నారట. కొన్నాళ్లకి తిరిగొచ్చి పన్నెండెకరాలు మళ్లీ దున్నించుకున్నారు గానీ ఆ ఎనిమిదెకరాలు అడగలేదు. ఎందుకు అడగలేదో ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్తారు. భయమని కొందరు, రుణం తీర్చుకోవడమని కొందరు. ఆయన ఇల్లు లూటీ కాకుండా కాపాడింది ఆ కుటుంబమే మరి. 1954-55 ఖాస్రా పహాణీలో కాస్తు చేసేవారి గడిలో ఆ కౌలుదారు పేరెక్కింది. పట్టాదారు గడిలో దాదా పేరు అలాగే ఉండిపోయింది. ఊళ్లో ఇప్పటికీ దాన్ని ‘సాయబు చెల్క’ అంటారు. దున్నేది మాత్రం ఆ కౌలుదారు మనవలే.

2020లో తెలంగాణలో కొత్త భూమి హక్కుల చట్టం వచ్చింది, దానితోపాటు ధరణి వచ్చింది. అందులో అనుభవదారు గడి తీసేశారు. కాగితం మీద పేరున్నవాడు ఉన్నాడు, నేల మీద ఉన్నవాడు కనిపించకుండా పోయాడు. అంతకుముందు 2017 రికార్డుల సవరణలో మా ఎనిమిదెకరాల్ని తగాదా భూములుండే పార్ట్-బిలో పడేశారు. ధరణి వచ్చిన మరుసటి ఏడు ఒక బ్రోకరు మా ఇంటికొచ్చాడు. హైదరాబాదు చుట్టూ ఇలాంటివాళ్లకి ఇదే వ్యాపారం. పాత సేత్వార్లు, పహాణీలు తిరగేసి, మరిచిపోయిన వారసుల్ని తవ్వి తీస్తారు. ‘పట్టా మీ తాత పేర్న ఉంది భాయ్, ఖర్చంతా నాది. కేసేద్దాం, వచ్చింది సగం సగం’ అన్నాడు. పక్కనే రోడ్డు పడింది. ఎకరం ధర ఎంతుందో చెప్పేసరికి మా ఇంట్లో సగంమందికి దాదా మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

ఎన్నేళ్లు గడిస్తే ఒకరి భూమి ఇంకొకరిదవుతుంది? ఆ రాత్రి మా ఇంట్లో వేసుకున్న ప్రశ్న ఇది. అసలు కాలానికి ఆ శక్తి ఉందా?

చట్టం ఉందంటుంది. 1963 లిమిటేషన్ చట్టం 65వ అధికరణం ప్రకారం నీ భూమిని ఒకడు బాహాటంగా, నీకు వ్యతిరేకంగా, ఎడతెగకుండా పన్నెండేళ్లు అనుభవిస్తే, ఆ తర్వాత నువ్వు దావా వెయ్యలేవు. 27వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకేసి, దావా హక్కే కాదు, భూమి మీద హక్కే నశించిందంటుంది. సర్కారు భూమికైతే గడువు ముప్పై ఏళ్లు. దీనికి వాళ్లు చెప్పే కారణాలు కొట్టిపారేసేవి కావు. సాక్షులు చచ్చిపోతారు, కాగితాలు చెదలు తింటాయి, దున్నుకుంటున్నవాడు ఆ నేల మీదే ఇల్లు కట్టుకుని పిల్లల్ని పెంచుకుంటాడు. ఎప్పుడో ఒకప్పుడు తగాదాకి తెర దించాలి కదా. అయినా 2008లో సుప్రీంకోర్టే ఈ సూత్రం హేతువుకి నిలవదని, మార్చే ఆలోచన చెయ్యమని కేంద్రానికి చెప్పింది. 2019లో ఇంకో బెంచి, ఇలా హక్కొచ్చినవాడు ఆత్మరక్షణకే కాదు, తనే ఎదురు దావా వెయ్యడానికి కూడా దాన్ని వాడుకోవచ్చంది. 2023లో లా కమిషన్ మార్పేమీ అక్కర్లేదని తేల్చింది. పదిహేనేళ్లు తిరిగి మొదటికొచ్చామన్నమాట.

మా ధర్మశాస్త్రం ఇంకో దారి పట్టింది. ఉస్మానియా సామ్రాజ్యం 19వ శతాబ్దంలో హనఫీ ఫిఖ్‌ని ‘మజల్లా’ పేరుతో సివిల్ చట్టంగా కూర్చింది. అందులోనూ గడువులున్నాయి. మామూలు దావాకి పదిహేనేళ్లు, వక్ఫ్‌కి ముప్పై ఆరేళ్లు. గడువు దాటితే ఖాజీ వినడు. కానీ వెంటనే ఇంకో మాట చెప్తుంది: కాలం గడిచినంత మాత్రాన హక్కు పోదు. ఎదుటివాడు ఖాజీ ముందు ‘అవును, ఇది అతనిదే’ అని ఒప్పుకుంటే ఎన్నేళ్లయినా సరే తిరిగి ఇవ్వాల్సిందే. అంటే మూసుకునేది న్యాయస్థానం తలుపు మాత్రమే. లోపల బాకీ అలాగే ఉంటుంది.

మాకు ఈ తేడా చాలా పెద్దదిగా కనిపిస్తుంది. మొదటి చట్టం ప్రకారం పన్నెండేళ్ల ఒక రోజున మోసగాడు కూడా మర్యాదస్తుడైపోతాడు. రెండో దాని ప్రకారం వాడు కేసు గెలిచినా బాకీదారే, వాడికి ఆ సంగతి తెలుసు. జానెడు నేల అన్యాయంగా కలుపుకున్నవాడి మెడకి ఏడు భూముల బరువు పడుతుందన్న హదీసు వినని ముస్లిం ఉండడు. బీడు నేలకి ప్రాణం పోసినవాడిదే ఆ నేల అని ఇంకో హదీసు ఉంది. దాని చివర్లోనే అన్యాయంగా దిగిన వేరుకి హక్కు లేదని కూడా ఉంది. ఈ రెండూ కలిపి చదవాలి. చెమటకి హక్కు పుడుతుంది. కాకపోతే ఆ వేరు ఎలా దిగిందో చూడాలి.

ఈ కొలతతో 1948ని చూద్దాం. పోలీస్ చర్య తర్వాత పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ తదితరులు హైదరాబాద్ రాజ్యంలో తిరిగి ఇచ్చిన నివేదిక దశాబ్దాలపాటు బయటికి రాలేదు. 27 వేల నుంచి 40 వేలమంది దాకా చనిపోయారని అంచనా కట్టిన ఆ నివేదిక, చంపడాలతోపాటు ఇళ్లూ భూములూ లాక్కోవడాల్ని కూడా నమోదు చేసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువ దెబ్బతిన్నాయి. అక్కడ మగవాళ్లు చచ్చిపోయిన ఇళ్లల్లో ఆడవాళ్లు పన్నెండేళ్ల లోపల ఏ మున్సిఫ్ కోర్టుకి వెళ్లి దావా వెయ్యాలి? గడియారం అందరికీ ఒకేలా తిరుగుతుందని చట్టం అనుకుంటుంది. ప్రాణభయంతో దాక్కున్నవాడి గడియారం ఆగిపోయి ఉంటుంది. ఈ సంగతి ఢిల్లీకి తెలియదని కాదు. 1959లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. 1947 ఆగస్టు 14 నుంచి 1954 మే 7 లోపల చేజారిన పబ్లిక్ వక్ఫ్ ఆస్తుల విషయంలో దావా గడువు పొడిగించింది. ఆ ఏడేళ్లూ మామూలు రోజులు కావని దానర్థం. కానీ ఆ పొడిగింపు వక్ఫ్‌లకే. రెండెకరాల మామూలు ముస్లిం రైతుకి ఆ దయ రాలేదు.

అయితే మా ఎనిమిదెకరాలు ఈ లెక్కలోకి వస్తాయా? ఇక్కడే మేం మా వాళ్లతో గొడవ పడ్డాం. దాదాని భయపెట్టినవాళ్లు వేరు, ఆ చెల్క దున్నినవాళ్లు వేరు. చచ్చినవాడి భూమిని పట్వారీతో కుమ్మక్కై తన పేర రాయించుకున్న ఆసామి వేరు అన్యాయంగా దిగింది, డెబ్బయ్యేళ్లైనా అది చెడ్డ వేరే. మా కౌలుదారు వేరు 1948కి ముందే దిగింది, దాదా ఇచ్చిన మాట మీద దిగింది. అరబ్బీలో ‘ఖౌల్’ అంటే మాట. అదే తెలుగులో కౌలైంది. బ్రోకరు వకీలు దీన్నే మాకు లాభంగా చూపించాడు. అనుమతితో మొదలైన స్వాధీనం ఎన్నేళ్లైనా వ్యతిరేక స్వాధీనం కాదు కాబట్టి పన్నెండేళ్ల లెక్క వాళ్లకి పనికిరాదు అన్నాడు. సూత్రం నిజమే. కానీ 1950 హైదరాబాద్ కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారుకి యాజమాన్యం దాకా దారి వేసిందని, ఆ చట్టం ఇలాంటి కుటుంబాల కోసమే వచ్చిందని ఆయన చెప్పలేదు. చెప్తే ఫీజు రాదు కదా.

ఇంకో మాట చెప్పకుండా ఉండలేం. ముస్లిం అనగానే నవాబు, జాగీర్దారు అనుకునేవాళ్లకి మేం షేక్ బందగీ పేరు చెప్తుంటాం. జనగామ దగ్గర కామారెడ్డిగూడెంలో చిన్న రైతు. తన భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్ బలగాన్ని ఎదిరించి కోర్టుకెక్కాడు. సాయుధ పోరాటం మొదలవకముందే అతన్ని చంపేశారు. అతని సమాధి దగ్గరికి ఇప్పటికీ అన్ని మతాలవాళ్లూ వస్తారు. ఆ పేరు మాకు గర్వం. కానీ ఆ ఎనిమిదెకరాల చెల్కలో బందగీ ఎవరు, కోర్టుకి లాగే దొర ఎవరు? బ్రోకరు కాగితం మీద సంతకం పెట్టి ఉంటే జవాబు మాకు నచ్చేది కాదు.

వక్ఫ్ సంగతి ఎత్తకుండా ఈ విషయం పూర్తికాదు. 2006 సచార్ కమిటీ లెక్క ప్రకారం దేశంలో రిజిస్టరైన వక్ఫ్ ఆస్తులు 4.9 లక్షలు, విస్తీర్ణం ఆరు లక్షల ఎకరాల చిల్లర. వాటిని తిన్నవాళ్లలో సర్కార్లున్నాయి, కంపెనీలున్నాయి, మా ముతవల్లీలు కూడా ఉన్నారు. హైదరాబాదు పక్కన మణికొండలో హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గా కింద వక్ఫ్ బోర్డు చూపించిన 1,654 ఎకరాలు సర్కారువేనని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో తీర్పిచ్చింది. 1995 వక్ఫ్ చట్టం 107వ సెక్షన్ వక్ఫ్ భూములకి లిమిటేషన్ వర్తించకుండా కాపాడేది. 2025 సవరణ దాన్ని తీసేసింది. అల్లా పేర రాసిన భూమికి కూడా ఇప్పుడు పన్నెండేళ్ల లెక్కే.

దీనికి మేం కోపగించుకున్నాం, కోపం న్యాయమే. కానీ అదే సవరణలో ‘వాడుక వక్ఫ్’ని ఇక ముందుకి రద్దు చేసినప్పుడు మేం ఏమని వాదించాం? వందల ఏళ్లుగా శవాల్ని పూడ్చుకుంటున్న ఖబ్రస్తాన్‌కి కాగితం ఎక్కణ్ణుంచి తెస్తాం, వాడుకే దస్తావేజు అన్నాం. అంటే కాలం హక్కుని పుట్టిస్తుందన్నాం. పోగొట్టుకున్నచోట కాలానికి శక్తి లేదంటాం, నిలబెట్టుకోవాల్సినచోట ఉందంటాం. ఈ రెండు మాటలూ ఒకే నోటితో అనొచ్చా? అనొచ్చనే మేం అనుకుంటున్నాం, ఆ వేరు ఎలా దిగిందో రెండుచోట్లా ఒకేలా అడిగినప్పుడు. ఊరందరి ఎదుట, ఎవరి నోటి దగ్గరిదీ లాక్కోకుండా శవాల్ని పూడ్చుకున్న నేల ఒకటి. ముతవల్లీతో బేరమాడి గోడ కట్టుకున్న నేల ఒకటి. ఏళ్లు సమానమే కావచ్చు. నేలలు సమానం కావు.

ఇంత వాదించి మేం గెలిచామనుకున్నాం. అప్పుడు ఫుప్పమ్మ మాట్లాడింది.

బ్రోకరు కేసుకి వారసులందరి సంతకాలూ కావాలన్నాడు. జాబితా రాస్తుంటే మా అబ్బా, చనిపోయిన చాచా తరఫున ఆయన కొడుకులు, ఆ తర్వాత అబ్బా కంటే పెద్దదైన ఫుప్పమ్మ పేరు. దాదా 1974లో పోయారు, దాదీ అంతకుముందే పోయింది. అప్పుడు ఊరి రికార్డులో ఎక్కింది ఇద్దరు కొడుకుల పేర్లే. ఫుప్పమ్మని ఎవరూ అడగలేదు. ఈద్‌కి చీర, కాన్పుకి ఖర్చు, వచ్చినప్పుడల్లా తిరుగు చార్జీలు, ఆమె హక్కంతా ఇలా చిల్లరగా చెల్లిపోయిందని ఇంట్లో అందరి నమ్మకం. కేసు కాగితాలు ముందు పెడితే ఆమె కళ్లజోడు తీసి పక్కన పెట్టి అంది: ‘ఉస్ ఆఠ్ ఎకర్‌కు మేరీ దస్తఖత్ హోనా, ఇస్ బారా ఎకర్‌కు నక్కో?’ ఆ ఎనిమిదెకరాలకి నా సంతకం కావాలా, ఈ పన్నెండెకరాలకి అక్కర్లేదా, అని.

ఎవరూ మాట్లాడలేదు. నలభై ఏడేళ్లైంది కదా, ఇప్పుడేం అడుగుతావని చాచా పెద్దకొడుకు గొణిగాడు. పన్నెండేళ్ల లెక్క మా ఇంట్లోనే, మా నోటితోనే బయటికొచ్చింది.

చట్టం ప్రకారం కూడా ఆ గొణుగుడు నిలబడదు. ఉమ్మడి హక్కుదారుల్లో ఒకరి స్వాధీనం అందరి స్వాధీనం కిందే లెక్క. నీకు హక్కు లేదని మొహం మీద చెప్పి బయటికి పంపితే తప్ప గడువు మొదలే కాదు. మా ఇళ్లల్లో ఎవరూ అలా పంపరు. చీరపెట్టి, ముద్దుచేసి, ‘నీకేం తక్కువమ్మా’ అంటారు. అక్కచెల్లెళ్లని బయటికి నెట్టకుండానే వాళ్ల భూమి తినడం మాకు బాగా తెలిసిన విద్య.

మేం షరియత్ గురించి ఊరేగింపులు తీస్తాం. 1937 షరియత్ అన్వయ చట్టంలో వ్యవసాయ భూమిని మినహాయించారు. వ్యవసాయ భూమి రాష్ట్రాల పరిధిలోదన్నది చట్టపరమైన కారణం. మద్రాసు రాష్ట్రం 1949లో ఆ లోటు పూడ్చింది కాబట్టి కోస్తా, రాయలసీమ ముస్లిం ఆడపిల్లలకి పొలంలో కూడా షరియత్ వాటా కాగితం మీద దొరికింది. దేశంలో చాలాచోట్ల అది కూడా లేదు. దాని మీద మా పెద్దలు ఎన్ని ఊరేగింపులు తీశారో వెతికితే మాకు ఒక్కటీ గుర్తురాలేదు. తలాఖ్ మీద చట్టమొస్తే షరియత్ ప్రమాదంలో పడుతుంది. చెల్లెలి రెండెకరాలు అన్న తింటే పడదు! సూరె నిసా ఆడవాళ్లకి వాటా ఉందని చెప్తూ, ఆస్తి కొంచెమైనా ఎక్కువైనా సరే అంటుంది. వాటాలు లెక్కకట్టి చెప్పాక, ఇవి అల్లా గీసిన హద్దులు అంటుంది. అక్కడ వాడిన మాట ‘హుదూద్’. మన పొలం గట్టు మీది హద్దు దాని ఏకవచనం.

ఆడపిల్లకి సగం వాటానే ఎందుకన్న ప్రశ్న ఉంది, అది పెద్ద ప్రశ్న. ఆ సగం కూడా ఇవ్వనివాళ్లకి దాన్ని చర్చించే అర్హత ఎక్కడిది?

లెక్క కష్టమైందేం కాదు. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు: రెండు, రెండు, ఒకటి. పన్నెండెకరాల్లో అయిదోవంతు, 2 ఎకరాల 16 గుంటలు. అబ్బా వైపు నుంచి 1 ఎకరం 8 గుంటలు, చాచా వైపు నుంచి అంతే. బ్రోకరుకి ఆ వారమే వద్దని చెప్పాం. ఫుప్పమ్మ, అబ్బా సంతకం పెట్టకపోతే అతనికీ గిట్టుబాటు కాదు, మళ్లీ రాలేదు. ఆ ఎనిమిదెకరాల విషయంలో మాకు అభ్యంతరం లేదని అబ్బా ఆ కుటుంబానికి రాసిచ్చారు. 2025 ఏప్రిల్‌లో ధరణి పోయి భూభారతి వచ్చాక వాళ్లు ఆ కాగితం జతచేసి దరఖాస్తు పెట్టుకున్నారు. మా చాచా కొడుకులు దానికి ఇంకా సంతకం పెట్టలేదు.

అబ్బా తన భాగంలోంచి 1 ఎకరం 8 గుంటలు 2022లో ఫుప్పమ్మ పేర రిజిస్టరు చేశారు. పాస్‌బుక్కులో ఆమె పేరు లేదు కాబట్టి పంపకం కింద రాయడం కుదరదన్నారు. గిఫ్ట్ డీడ్ ఒక్కటే తేలికైన దారట. ఆమె వాటా ఆమెకివ్వడానికి కాగితం మీద ‘దానం’ అని రాయాల్సివచ్చింది. తహసీల్దారు ముందు వేలిముద్ర వేస్తూ ఆమె ఆ మాట చదివించుకుంది, రెండుసార్లు. ‘దానం ఎవరు ఎవరికి?’ అని అబ్బాని అడిగింది. అబ్బా తల దించుకున్నారు.

సర్వేయరు వచ్చి హద్దురాళ్లు పాతినరోజు సాయబు చెల్కవాళ్లు గడ్డపార, గొలుసు పట్టుకుని సాయానికొచ్చారు. చాచా కొడుకుల వైపు రాయి పాతలేదు. వాళ్లు ఆ రోజు రాలేదు.